తెర మీద మా యాడి ఘుగ్రి

సినిమాల మీద నా కోపం ఈనాటిది కాదు. రిటైరై, ఖమ్మంలో ఖానాపురం హవేలి వైపు రెండు గదుల ఇల్లు కట్టుకున్నాక ఆ కోపానికి తీరిక కూడా దొరికింది. అంతకు ముందు ముప్పై ఏళ్ల పైగా బొగ్గుగనిలో, ల్యాంప్ రూమ్‌లో పనిచేశాను. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీకి పెట్టుకునే దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని ఛార్జింగుకు పెట్టడం నా ఉద్యోగం. దీపం సరిగ్గా వెలుగుతోందో లేదో రెండుసార్లు చూసి గానీ మనిషి చేతికి ఇచ్చేవాణ్ని కాదు. అలాంటివాణ్ని తెచ్చి కేబుల్ టీవీ ముందు కూర్చోబెడితే ఏమవుతుంది? ప్రతిదాంట్లోనూ లోపమే కనిపిస్తుంది.

మా ఆవిడకు మధ్యాహ్నం రెండింటి సీరియల్ ఉండేది. అందులో అత్తగారు నిద్ర లేవడమే పట్టుచీరతో, వడ్డాణంతో లేస్తుంది. కోడలు ఒక మాట అంటే చాలు, ఉరుములు ఉరుముతాయి. ఇంట్లో ఉన్నవాళ్లందరి మొహాలూ ఒక్కొక్కటి మూడేసి సార్లు చూపిస్తారు. ఆఖరికి వంటమనిషి మొహం కూడా. ఆమెకేం సంబంధం? సోమవారం చెయ్యెత్తితే ఆ దెబ్బ శుక్రవారానికి గానీ చెంపకు తగలదు. నేను ఇలా గొణుగుతూ ఉంటే మా ఆవిడ సౌండు పెంచేది. నేను గొంతు పెంచేవాణ్ని. ఆమె ఇంకో రెండు గీతలు పెంచేది.

ఇక కొత్త సినిమాలు. హీరో ఒక గుద్దు గుద్దితే మనిషి గాలిలో మూడు చుట్లు తిరిగి లారీ అద్దం మీద పడతాడు, మళ్లీ లేచి వస్తాడు. గని పైకప్పు కూలి బొగ్గు కింద పడిన మనుషుల్ని నేను చూశాను. స్ట్రెచర్ మీద పైకి తెచ్చినప్పుడు వాళ్ల తల దీపాలు విప్పి తీసుకున్నది ఈ చేతులతోనే. దెబ్బ తగిలిన మనిషి ఎలా ఉంటాడో ఎవడూ నాకు నేర్పనక్కర్లేదు. హీరోయిన్ సంగతి అడగొద్దు. పాటకు వస్తుంది, పాట అయిపోగానే పోతుంది. హాస్యమంటే ఒకడి చెంప ఇంకొకడు వాయించడం. ఆ మాట అంటే పక్కింటి లెక్కల మాస్టారు, పెద్దాయనా, కాలం మారింది, మీరు పాతకాలం మనిషి అనేవాడు. అవును, పాతకాలం మనిషినే. పాత సినిమాలో పాట పాడుతుంటే ప్రతి అక్షరం వినబడేది. కొడుకు తండ్రి ముందు కూర్చోవాలంటే ముందు ఆయన మొహం చూసేవాడు. గుడారం టాకీసులో ఇసుకలో కూర్చుని, రీలు తెగినప్పుడల్లా ఈలలు వేసుకుంటూ చూసినా కథ ఎక్కడా తెగేది కాదు.

అన్నిటికన్నా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది అడవిని చూపించినప్పుడు. నేను పుట్టింది పినపాక దగ్గర ఒక తండాలో. మా చుట్టూ అడవే. మా తండాలో టీచర్లున్నారు, ఆర్టీసీ కండక్టరున్నాడు, గనికి మోటారుసైకిలు మీద పోయి వచ్చేవాళ్లున్నారు. అవతలి కోయగూడెంలో పిల్లలు సెల్‌ఫోన్లో క్రికెట్ స్కోరు చూస్తారు. సినిమావాళ్ల అడవిలో మాత్రం మనుషులు ఆకులు కట్టుకుని, మొహానికి సున్నం పూసుకుని, బల్లేలు పట్టుకుని నిప్పు చుట్టూ గెంతుతారు. వాళ్లకు భాష ఉండదు, కేకలే. లంబాడీ పిల్ల అయితే ఇంకా సులువు. అద్దాల లంగా తొడిగి, నడుము ఊపమంటారు. ఆ పిల్లకు తల్లీ తండ్రీ తండా ఏమీ ఉండవు. హీరోను చూసి కన్ను కొట్టడం తప్ప వేరే పని ఉండదు.

మా ఇంట్లో అద్దాల లంగా కట్టిన మనిషి మా యాడి. మా మాటలో యాడి అంటే అమ్మ. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. అదే లంగా, అదే రైక, తల మీద అదే అద్దాల కొంగు. ఖానాపురం హవేలి వీధిలో నడుస్తుంటే షేర్ ఆటోలోవాళ్లు తల తిప్పి చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఆమెకు పట్టేది కాదు.

ఆమె ఒంటి మీద లేనివి రెండే. ఒకటి ఘుగ్రి. చెంపలకు రెండు వైపులా జడపాయల్లో అల్లి వేలాడదీసే వెండి నగ అది, కింద చిన్న చిన్న గజ్జెలుంటాయి. రెండోది మోచేతి పైన తొడిగే తెల్లటి గాజుల వరస. రెండూ పెళ్లయిన ఆడదాని గుర్తులు. పెళ్లికాని పిల్ల ఘుగ్రి పెట్టుకోదు, మొగుడు పోయినామె ఉంచుకోదు. మా బాపు నా చిన్నతనంలోనే పోయాడు. యాడి ఘుగ్రి విప్పి రేకు పెట్టెలో పెట్టింది. నా పెళ్లికి కొత్తది చేయించే స్తోమత లేక, దాన్నే కుంకుడు రసంతో తోమి నా భార్య జడలో అల్లించింది. తరువాత గని క్వార్టర్స్‌లో ఉద్యోగస్తుల మధ్య అది కుదరలేదు. మళ్లీ రేకు పెట్టెలోకి వెళ్లింది. నా తమ్ముడి భార్యకు పుట్టింటివాళ్లే చేయించారు కాబట్టి ఆ పెట్టె తెరవాల్సిన పని మళ్లీ పడలేదు. పెట్టె తండాలో తమ్ముడి ఇంట్లో ఉండేది, తాళంచెవి మాత్రం యాడి నడుముకే.

ఏటా మిరపకాయ కోతలప్పుడు యాడి తమ్ముడి దగ్గరికి వెళ్లి నెల రోజులుండేది. ఒక ఏడాది అలా వెళ్లిన వారానికి తమ్ముడు ఫోన్ చేశాడు. తండా పక్క వాగులో సినిమా షూటింగు జరుగుతోందని, ఊరంతా అక్కడే ఉందని చెప్పాడు. చెప్పి, కాసేపు నసిగి, అసలు సంగతి బయటపెట్టాడు. పట్నం నుంచి తెచ్చిన అద్దె బట్టలు నకిలీగా ఉన్నాయట. అసలువి దొరుకుతాయేమో అని డైరెక్టరు కింద పనిచేసే ఒకతను ఇంటింటికీ తిరుగుతూ వచ్చాడట. మర్యాదగా చెప్పులు బయట విడిచి వచ్చాడట. పెళ్లికూతురికి కట్టడానికని అడిగాడట. యాడి ఎవరినీ అడగకుండా పెట్టె తెరిచి, పాత పెళ్లి లంగా, ఘుగ్రి తీసి అతని చేతిలో పెట్టేసింది.

నేను ఫోన్లోనే అరిచాను. ఇక అవి తిరిగి రావు, రాసిపెట్టుకో అన్నాను. పొద్దున్నే బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, మణుగూరులో మారి, పినపాక చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడుగునా ఆ కుర్రాణ్ని ఏమేం అనాలో వరస పెట్టుకున్నాను. తీరా పోయేసరికి షూటింగు అయిపోయి బండ్లు సర్దుతున్నారు. ఆ కుర్రాడు నాకంటే ముందే మా ఇంట్లో ఉన్నాడు. లంగా మడత పెట్టి, ఘుగ్రి గుడ్డలో చుట్టి తెచ్చాడు. యాడి కాళ్లకు దండం పెట్టి ఒక చీర, మిఠాయి పెట్టె ఇచ్చాడు. నేను వరస పెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఒక్క గజ్జె అయినా ఊడిందేమోనని వెతికాను. ఊడలేదు. దాంతో నా కోపం ఇంకా ఎక్కువైంది.

మన ఇంటి నగ సినిమావాళ్లకు ఎందుకిచ్చావని యాడిని అడిగాను. ఆమె మా మాటలోనే చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"పెండ్లిపిల్ల తల మీద పెడ్తమన్నరు బేటా. పెట్టెల ఉండి ఏం జేస్తది? ఒక్కసారి ఒక పిల్ల తల మీద చూసి పోతా."

షూటింగు దగ్గర ఆమెను చూడనివ్వలేదు. తాడు కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టారు. అందుకని సినిమా వచ్చాక చూపించమంది. నేను అలాగే అన్నాను. ఘుగ్రిని మాత్రం తండాలో ఉంచనివ్వలేదు. ఇక ఏ సినిమావాడి కంటా పడకూడదని ఖమ్మం తెచ్చి బీరువాలో పెట్టి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను.

ఏడెనిమిది నెలలకు ఆ సినిమా ఖమ్మంలో ఆడింది. యాడి అప్పటికి వందసార్లు అడిగి ఉంటుంది. టీవీలో ప్రతి కొత్త సినిమా ప్రకటనకూ తల ఎత్తి, ఇదేనా అనేది. ఆఖరికి ఒక మ్యాట్నీకి ఆమెనూ మా ఆవిడనూ ఆటోలో తీసుకెళ్లాను. యాడి ఉతికిన లంగా కట్టుకుంది. బాల్కనీ మెట్లు ఎక్కడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మెట్టు మెట్టుకూ ఆగి, వచ్చిందా, మొదలైందా అని అడిగేది.

మొదటి సగమంతా పేలుళ్లు, చెంపదెబ్బలు. నేను పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఇంటర్వెల్లో యాడి సోడా తాగింది. ఇంకా పెళ్లి రాలేదేం అంది. నాకప్పటికే అనుమానం తగిలింది. ఈ సినిమాలో పెళ్లి జరిగే లక్షణాలేవీ కనబడలేదు.

రెండో సగంలో వచ్చింది మా వాగు. ఆ బండలు, ఆ వెదురు పొద చూడగానే గుర్తుపట్టాను. అక్కడ విలన్ డేరా. చుట్టూ తుపాకులు పట్టుకున్నవాళ్లు, సారా కుండలు. మధ్యలోకి ఒక పిల్ల దూకింది. కట్టింది మా యాడి పెళ్లి లంగాయే. పైన రైక మాత్రం వాళ్లు కుట్టించింది, జానెడు కూడా లేదు. ఘుగ్రిని చెంపల పక్క జడలో అల్లకుండా పిన్నులతో నుదుటి మీదికి తగిలించారు. చేతుల మీద తెల్లగాజు ఒక్కటీ లేదు. తలను చూస్తే పెళ్లయినామె, చేతుల్ని చూస్తే మొగుడు పోయినామె. పాటలోనేమో తనకు మొగుడే దొరకలేదని పాడుతోంది. హాల్లో అంతమందిలో ఈ సంగతి తెలిసింది మా ముగ్గురికే అనుకుంటాను. మిగతా జనం ఈలలు వేస్తున్నారు. విలన్ ఊగుతూ వచ్చి తుపాకి గొట్టంతో ఆ ఘుగ్రి గజ్జెల్ని ఎత్తి, గలగలలాడించి నవ్వాడు. ఈలలు రెట్టింపయ్యాయి.

నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు. ఆపండి ఆ సినిమా అని అరిచాను. అది మా అమ్మది, మా అమ్మ పెళ్లినాటిది అన్నాను. సిగ్గులేదా మీకు అని కూడా అన్నాను, ఎవరిని అన్నానో మరి. వెనక నుంచి ఎవరో, కూసోవయ్యా పెద్దాయనా అన్నారు. ఇంకెవరో నవ్వారు. అప్పుడు కింద నుంచి నా చొక్కా అంచు పట్టుకుని యాడి గట్టిగా లాగింది.

"కూసో. నాకు కనబడ్తలేదు."

కూర్చున్నాను. తెర వెలుగు ఆమె మొహం మీద పడుతోంది. ఆమె విలన్ని చూడటం లేదు, రైకను చూడటం లేదు. ఆ పిల్ల తల ఎటు తిరిగితే అటు ఆమె తల తిరుగుతోంది. పాట అయిపోయాక, మళ్లీ వస్తదా అని అడిగింది. రాదన్నాను. అయితే పోదాం పద అంది.

బయట షేర్ ఆటోలో నా నోరు ఆగలేదు. పెళ్లికూతురని చెప్పి తీసుకెళ్లి సారా డేరాలో ఆడిస్తారా అన్నాను. మనుషుల్ని ఇంత చులకన చేసే హక్కు వీళ్లకు ఎవడిచ్చాడన్నాను. అబద్ధమాడిన ఆ కుర్రాడు దొరికితే నిలదీస్తానన్నాను. మా కాలంలో సినిమాలు ఇలా ఉండేవా అన్నాను. ఆటోలో ఉన్న కాలేజీ పిల్లలు రోడ్డు వైపు చూస్తున్నట్టు మొహాలు తిప్పుకున్నారు. యాడి చాలాసేపు విని, ఇల్లు దగ్గరపడుతుండగా అంది.

"ఆ పిల్లకు కట్టుకునుడు రాలే. చెప్పెటోళ్లు లేరు, దాని తప్పేంది? ఎట్లనన్న గానీ, ముప్పై ఏండ్లకు ఒక ఆడపిల్ల తల మీద చూసిన. నా తల మీదికెల్లి దేవుడు తీయించిండు. నీ పెండ్లాం తల మీదికెల్లి నువ్వు తీయించినవ్. సినిమావోళ్లను ఎందుకు తిడ్తవ్?"

ఇన్నేళ్లూ నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కుదరలేదు అని పైన రాశానే, అది అబద్ధం. పెళ్లయిన కొత్తలో కొత్తగూడెం క్వార్టర్స్‌లో మా ఆవిడ ఘుగ్రితో, అద్దాల లంగాతో నీళ్ల పంపు దగ్గరికి వెళ్లేది. నాలుగు నెలలు బాగానే గడిచింది. ఒకసారి గుడారం టాకీసుకు ఒక సినిమా వచ్చింది. నేను ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే ఆ పాత నలుపు తెలుపు సినిమాల్లో ఒకటి. అందులోనూ ఒక డాన్సు ఉంది, అద్దాల లంగాతో, దొంగల గుహలో. ఇసుకలో కూర్చుని అందరితో పాటు నేనూ ఈల వేశాను. మర్నాడు షిఫ్టు మారేటప్పుడు, దీపం కోసం చెయ్యి చాపిన ఒకడు, నీ క్వార్టర్లో రోజూ ఉచితంగా ఆటేనంట కదా అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను వాణ్ని ఏమీ అనలేదు. వాడి దీపం చూసి వాడికిచ్చాను. ఇంటికి వెళ్లి నా భార్యను అన్నాను. అవి తీసెయ్, నలుగురిలో తల ఎత్తుకోలేకపోతున్నా అన్నాను. రెండు నూలు చీరలు కొనిపెట్టాను. ఆమె అద్దం ముందు కూర్చుని, ఒక్కో పాయా విప్పి, ఘుగ్రి తీసి నా చేతిలో పెట్టింది. మరుసటి సెలవుకు నేనే దాన్ని తండాకు తీసుకెళ్లి, రేకు పెట్టెలో పెట్టమని యాడికిచ్చాను. యాడి ఎందుకని అడగలేదు. అడగలేదు గనక తెలియదనుకున్నాను.

సినిమాను తిట్టాల్సిన రోజున నేను తిట్టలేదు. ఆ వరసలోవాళ్ల నవ్వుకు ఇంట్లో ఆడదాని తల బోసిగా చేశాను. ఆ తరువాత ముప్పై ఏళ్లు సినిమాలన్నిటినీ తిడుతూ వచ్చాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

మర్నాడు భోజనాలయ్యాక మా ఆవిడ నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. బీరువా తాళం ఇమ్మంది. ఇచ్చాను. ఘుగ్రి తీసుకుని యాడి వైపు వీపు పెట్టి నేల మీద కూర్చుంది, చిన్నపిల్ల జడ వేయించుకోవడానికి కూర్చున్నట్టు. యాడి ముడి విప్పి, కొబ్బరినూనె రాసి, చెంప పక్కన పాయ తీసింది. వేళ్లు అల్లిక మర్చిపోలేదు. ఘుగ్రి కొక్కెం అల్లికలోకి దూర్చి వదిలింది. అది జారింది. మళ్లీ అల్లి, దారం కట్టి, వదిలింది. మళ్లీ జారింది. మా ఆవిడకు బీపీ మందులు మొదలైనప్పటి నుంచి జుట్టు రాలిపోతూనే ఉంది. ఆ వెండి బరువును పట్టుకునేంత జుట్టు అక్కడ లేదు. మూడోసారి యాడి ప్రయత్నించలేదు. ఘుగ్రిని ఒళ్లో పెట్టుకుని గజ్జెల్ని సవరిస్తూ కూర్చుంది.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఏదో ఒకటి అనాలని, పెద్ద పిన్నులు తెస్తానని అన్నాను. సినిమావాళ్లు చేసిన పనే అది. మా ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా, మెల్లగా అంది.

"తియ్యమన్ననాడు నా జుట్టు నడుము దాకుండె."

మిగిలిన జుట్టును ముడి వేసుకుని గోడకు ఆనుకుంది. రెండు కావస్తోంది. నేనే వెళ్లి టీవీ పెట్టాను. సీరియల్ మొదలైంది. అత్తగారు వడ్డాణంతో నిద్ర లేచింది, ఉరుములు ఉరిమాయి, అందరి మొహాలూ మూడేసి సార్లు చూపించారు. మా ఆవిడ పక్కన కూర్చుని చివరి దాకా చూశాను. ఆ రోజు సౌండు పెంచాల్సిన అవసరం ఆమెకు రాలేదు.